పొగముద్ద

మంచునెల, 3. తీగబండి గట్టుకు వచ్చిన పంతొమ్మిదో ఏడు.

అయిన పనులు: మంచువలలు నాలుగూ పిండాను, పట్టిన మంచుకు రెండున్నర బిందెల నీళ్ళు దిగాయి. చోళ్ళు విసిరి జల్లించాను. పైకప్పు మీద ఎండపలకకు పట్టిన నాచు గీకాను. అత్త మోకాళ్ళకు ఆముదం రాశాను. తీగ మీద కొండెక్కి వచ్చే తీగబండిలోని సామాను సరిచూసుకున్నాను. బియ్యం సరిపోయింది, నూనె తక్కువ వచ్చింది.

కాని పనులు: అత్త దుప్పటి ఉతకలేదు. ఎండ లేదు.

ఇంకొకటి ఉంది. అత్త ఈ రోజు చెవిపెట్టెను "నా తల్లీ" అని పిలిచింది. దీన్ని అయిన పనుల్లో రాయాలో, కాని పనుల్లో రాయాలో తెలియక విడిగా రాస్తున్నాను.

పెట్టె వచ్చి వారమైంది. కింద పట్నం నుంచి మాటల శాఖ మనిషి తెచ్చి, పొయ్యి పక్క గూట్లో దించి వెళ్ళాడు. చిన్న గుమ్మడికాయంత ఉంటుంది. ముందువైపు జల్లెడ, దాని వెనక చెవి, గొంతు. కింద అందరి మెడలోనూ గొంతుపూస ఉంటుంది. మనిషి ఏమి అనబోయినా పూస దాన్ని సాపుచేసి, వినేవాడికి అడ్డు తగలకుండా పలుకుతుంది. రెండు తరాలు అలా గడిచేసరికి పూసకు మాటలు తరిగిపోయాయట. కడుపునొప్పి వచ్చిన పిల్లవాడు అది మెలిపెడుతోందో, గుచ్చుతోందో, సలుపుతోందో చెప్పలేక "బాగాలేదు" అని ఊరుకుంటున్నాడట. అందుకని కొండల మీద ముసలివాళ్ళ దగ్గర మిగిలిన మాటలు పోగుచేస్తున్నారు.

శాఖ మనిషి షరతు ఒకటి చెప్పి వెళ్ళాడు. డెబ్బై దాటినవాళ్ళ నోట విన్న మాటలే చెప్పాలి. ఎవరి పేరున అయినా ఒక్క అబద్ధపు మాట తేలితే, ఆ నోటి మాటలన్నీ తీసి పారేస్తారు. మా ఆయన పోలయ్య తీగబండి గిలక దగ్గర పనిచేస్తాడు. ఆయన దాన్ని ఇంకోలా చెప్పాడు: "గుమ్మిలో ఒక పుచ్చుగింజ కనబడితే గుమ్మి మొత్తం ఒలకబోత్తారట. జాగర్త."

మా గుమ్మిగట్టు మీద పాత మాటలు పూర్తిగా తెలిసినవాళ్ళలో మా అత్త దాలెమ్మే ఆఖరు. ఈ ఇంట్లో ఆవిడకు ఇరవై నాలుగేళ్ళుగా అంబలి పోస్తున్నాను. ఆవిడ నన్ను "కోడలా" అంటుంది. కోపం వస్తే "కిందూరి పిల్లా" అంటుంది. మా పుట్టిల్లు గట్టుకు సగం దిగువన, గెడ్డవాగు ఒడ్డున. కనబడేంత దూరమే. అయినా కిందూరే.

మంచునెల, 5.

అయిన పనులు: వలలు పిండాను. చిక్కుడు పాదుకు గడ్డి కప్పాను. పొయ్యి అలికాను. అత్త దుప్పటి ఉతికాను, సగం ఆరింది.

ఆ సగం ఆరిన దుప్పటిని అత్త పెట్టెకు కప్పింది.

"అత్తా, అది ఇనుము. దానికి సలెయ్యదు" అన్నాను.

"నీకేటి తెలుసు? పొద్దున్న నా సెయ్యి ఎడితే సల్లగా ఉంది."

"మీకు సలేత్తాది కదా మరి."

"నాకు అలవాటే."

ఉదయమంతా మబ్బుకూన గురించి చెప్పింది. తలుపు తెరిచి ఉంటే ఇంట్లోకి వచ్చి, పొయ్యి చుట్టూ తిరిగి, కిటికీలోంచి వెళ్ళిపోయే చిన్న మబ్బును ఇక్కడ మబ్బుకూన అంటారు. తరువాత ముంతెండ. చలినెలలో ఒక ముంతలో పట్టేంత మాత్రమే వాకిట్లో పడే ఎండ అది. పెట్టె వింటుంది. మధ్యలో "అబ్బా" అంటుంది, "మళ్ళీ ఒకసారి చెబుతారా" అంటుంది. దానికి విసుగు లేదు. పొయ్యి మీద ఏదీ మాడదు. పిండాల్సిన వలలు లేవు. అలా కూర్చుని వినమంటే నేనూ వింటాను.

విసురురాయి చప్పుడు పెట్టెకు అడ్డమని నన్ను దొడ్లోకి పొమ్మంది. దొడ్లో మంచు కురుస్తోంది. పిండి తడిసింది. మళ్ళీ జల్లించాల్సి వచ్చింది.

సాయంత్రం వలల దగ్గర పక్కింటి నూకరత్నం అడిగింది: "ఏటి వదినా, మీ అత్తకి కొత్త కోడలొచ్చిందట? తిండి అడగదట, ఎదురు సెప్పదట."

"పనీ సెయ్యదు" అన్నాను.

"పని సేసే కోడలికి ఇలవేటుంది వదినా, అది గట్టు మీద ఇంటికొకటి ఉంది" అని నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఇంటికి వచ్చేదాకా నా దవడ పట్టుకునే ఉంది.

మంచునెల, 8.

అయిన పనులు: వలలు. రెండో వలకు చిరుగు, కుట్టాను. నూనె తక్కువ వచ్చిన సంగతి పోలయ్యతో కిందికి చెప్పించాను. అత్తకు తలంటు పోశాను.

తలంటు పోసి జుట్టు ఆరబెడుతుంటే, నేనూ కొన్ని మాటలు చెప్పి చూద్దామనిపించింది. అత్త అరుగు మీద ఉంది. పెట్టె ముందు కూర్చుని, "కాలుకట్టు వాన" అన్నాను. బయల్దేరిన మనిషిని గుమ్మంలోనే ఆపేసే వాన అది.

"ఈ మాట ఉంది. దాలెమ్మ గారు మొదటి రోజునే చెప్పారు" అంది పెట్టె.

"గుడ్డిగెడ్డ." రాళ్ళ కింద నుంచి పారే నీరు, చప్పుడే తప్ప కనబడదు.

"ఇది కూడా ఉంది. దాలెమ్మ గారు."

ఇంకో పది చెప్పి ఉంటాను. అన్నీ ఉన్నాయి. అన్నీ దాలెమ్మ గారే. ఇరవై నాలుగేళ్ళలో నా నోట్లో చేరినవన్నీ ఆవిడ నోట్లోంచి వచ్చినవే అని నాకు అప్పుడు తెలిసింది. నా నోరు ఆవిడ పెట్టిన అటక. సామాను ఆవిడది, దుమ్ము నాది.

అరుగు మీద నుంచి అత్త వింటోంది. "పరిగ గింజలేరుకుని ఏటి సేస్తావే కోడలా, కల్లం ఊడ్సీసినాను" అంది. పెట్టె కూడా నవ్వినట్టే అనిపించింది. నవ్వలేదని ఇప్పుడు తెలుసు, దానికి నవ్వు రాదు. అప్పుడు మాత్రం నవ్విందనే అనుకున్నాను.

ఈ రోజు అంబలి అత్తకు కొంచెం పలచగా కాచాను. ఆవిడ చూడలేదు. తాగుతూ పెట్టెకు అంబలి గురించి చెబుతోంది.

మంచునెల, 11.

అయిన పనులు: వలలు పిండాను. ఇంక ఏమీ చేయలేదు. కాదు, ఒకటి చేశాను.

ఎండ వస్తే అత్త నూకరత్నం వాకిట్లోకి వెళ్ళి కూర్చుంది. పోలయ్య గిలక దగ్గర ఉన్నాడు. నేను పొయ్యి ఊదుతుంటే పెట్టె దానంతట అదే పలికింది.

"అసిరితల్లి గారూ, మీరేమైనా చెబుతారా?"

ఇంట్లో నా పేరు పూర్తిగా ఎవరైనా పలికి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. ఊదుగొట్టం పక్కన పెట్టాను.

"పొగముద్ద" అన్నాను.

"ఈ మాట నాకు కొత్తది" అంది పెట్టె. "దయచేసి వివరించండి."

ఆ "కొత్తది" అన్న మాట నా ఒంట్లో ఎక్కడ తగిలిందో చెప్పలేను. ఇక ఆగలేదు.

"అన్నానికి పొగ పట్టిందనుకో. ముద్ద గొంతు దిగదు. అలాగని పారెయ్యలేం, వండింది మనమే. అదే కుండలోది పక్క విస్తట్లో మంచిగా పడ్డాది. ఆల్లు కమ్మగా తింటన్నారు. నువ్వు ఏటీ అనకుండా మింగుతావు సూడు, అది పొగముద్ద. కడుపుమంట కాదు. ఏడుపు కాదు. పరాయోల్ల మీద రాదు. ఒక కుండలో తినేవోల్ల మజ్జినే వత్తాది."

 పెట్టె అంత మెల్లగా అత్తను కూడా ఎప్పుడూ అడగలేదు.

"వాడుక చెప్పండి."

"సెల్లికి అమ్మ జడేత్తంటే అప్పకి పొగముద్ద దిగింది."

"చాలా బాగుంది. ఎవరి నోట విన్నారు?"

ఇక్కడ ఆగి ఉండాల్సింది. నాదే అని చెప్పి ఉంటే తీసుకోదు. నాకు డెబ్బై లేవు. నేను అప్పుడే పొయ్యి ముందు కూర్చుని అల్లిన మాట అది. తీసుకోవాలని ఉంది నాకు. ఒక్కటైనా నా చేతి మీదుగా లోపలికి పోవాలని ఉంది.

"మా అత్త నోట" అన్నాను.

"నమోదు చేశాను."

రాత్రి అత్తకు అంబలి చిక్కగా కాచాను. వెల్లుల్లి కారం కూడా చేశాను. ఎందుకు చేశానో నాకు తెలుసు.

మంచునెల, 17.

అయిన పనులు: వలలు. చోళ్ళు. గుమ్మి అడుగున ఎలుక కన్నం మూశాను. పాత చీర చించి వత్తులు చేశాను.

సాయంత్రం పోలయ్య గిలక దగ్గర నుంచి వస్తూనే అన్నాడు: "ఏటే అసిరీ, పొగముద్దంటే ఏటి?"

గరిట కుండలోనే వదిలి ఆయన వైపు తిరిగాను. "ఎవులన్నారు?"

"కిందోల్లంతా అదే అంటన్నారట. తీగబండి తోలేవోడు సెప్పినాడు. పూసల్లోకి ఎక్కించీసరికి ఒకటే వాడకమట. అన్నదమ్ములు అంటన్నారట, తోడికోడల్లు అంటన్నారట. ఇద్దరు డాకటర్లు ఒకే గదిలో పన్జేస్తే ఒకడన్నాడట. ఇన్నాల్లూ కడుపులో ఉన్నదానికి పేరు లేక సచ్చినాం అంటన్నారట."

కింద పట్నాలకు పట్నాలే నా మాట పలుకుతున్నాయి. పొయ్యి ముందు కూర్చున్న నా ఒళ్ళు గాల్లో తేలింది. ఆ తేలడం ఒక్క క్షణమే.

"దాలెమ్మ మాట అంటన్నారట దాన్ని" అన్నాడు పోలయ్య. "మా యమ్మ పేరు అలా మోగిపోతంది."

వెనకే నూకరత్నం వచ్చింది, అత్త చేతులు పట్టుకుంది. "దాలెమ్మత్తా, ఎంత మాట దాసీసినావు కడుపులో! ఒక్కరోజైనా నాతో అనలేదు."

అత్త నూకరత్నాన్ని చూడలేదు. నన్ను చూసింది. దీపం వెలుగులో ఆ చూపు ఏమిటో నాకు అందలేదు. "అన్ని మాటలూ అందరితో అంటారేటి" అని లేచి వెళ్ళి పడుకుంది.

నా మాటకు ఆవిడ పేరు. పెట్టింది నేనే, నిజమే. అయినా ఈ రాత్రి ఆ మాట ఏమిటో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

మంచునెల, 20.

అయిన పనులు: వలలు, నీళ్ళు, వంట. అత్త కాళ్ళకు కాపడం.

మూడు రోజులుగా అత్త పెట్టె ముందు కూర్చోవడం లేదు.

అది "దాలెమ్మ గారూ" అంటుంది. ఆవిడ అటువైపు తిరిగి పడుకుంటుంది. దుప్పటి మళ్ళీ ఆవిడ మీదికి వచ్చింది. విసురురాయిని నేను ఇంట్లోకి తెచ్చుకున్నాను, ఎవరూ వద్దనలేదు. ఈ రోజు విసురుతూ పాట కూడా అందుకున్నాను.

తెగిపోయిందిలే వాళ్ళ స్నేహం అనుకున్నాను. ఎన్నాళ్ళుంటుంది, ఇనుము ఇనుమే. నూకరత్నంతో అంటే, "ముసలోల్ల మోజులు అంతే వదినా" అంది. పెట్టె మీద దుమ్ము పడితే తుడవలేదు. సంతోషం సంతోషంగానే రాస్తున్నాను.

మంచునెల, 22.

అయిన పనులు రాసే స్థిమితం లేదు.

పెట్టెను నేనే అడిగాను. వెక్కిరిద్దామనే అడిగాను: "ఏటి, మీ దాలెమ్మ గారు మాటాడ్డం లేదా?"

"లేదు" అంది. "పొగముద్ద గురించి అడిగాను. మీరు దీన్ని ఎవరి నోట విన్నారు, మొదట ఎప్పుడు అన్నారు అని. ఆమె జవాబు చెప్పలేదు. ఆ రోజు నుంచి ఏ మాటా చెప్పడం లేదు."

"ఎందుకు?"

"నాకు తెలియదు. కానీ వాడుకలోకి వచ్చిన మాటకు చెప్పినవారి గొంతు నా దగ్గర ఉండాలి. లేదని శాఖకు తెలియజేశాను. ఎల్లుండి తీగబండిలో పరీక్షకురాలు వస్తున్నారు. మాట అబద్ధమని తేలితే దాలెమ్మ గారి మాటలన్నీ తొలగిస్తారు."

"అన్నీయా?"

"అన్నీ. ఆ నోటివి కాబట్టి."

మబ్బుకూన. ముంతెండ. కాలుకట్టు వాన. గుడ్డిగెడ్డ. పెట్టె వచ్చిన రోజున అత్త పోలయ్యతో అన్నది: "నాను పోతే ఇయ్యి ఏ గెడ్డలో కలిసిపోతాయో అని నిద్ర పట్టీది కాదురా నాకు."

తెగిపోయిన స్నేహం కాదు. అవునంటే అబద్ధం. కాదంటే నేను దొరుకుతాను. అందుకని ఆవిడ నోరు మూసుకుంది. ఇన్నాళ్ళకు దొరికిన శ్రోతను వదులుకుని కూర్చుంది.

నేను పక్కన విసురుతూ పాట పాడాను.

మంచునెల, 24.

పరీక్షకురాలి పేరు సువర్చల. ముప్పై ఏళ్ళుంటాయి. మెడలో పూస. ఆవిడ పెదవులు కదిలిన రవ్వంత సేపటికి పూస పలుకుతుంది, ముఖం ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు కనబడుతుంది కానీ మాట మెత్తగా వస్తుంది. గట్టు మీద ఉన్నవాళ్ళందరూ మా వాకిట్లో చేరారు.

"అమ్మగారూ, ఈ మాట మీదేనా?" అని అడిగింది.

అత్త అరుగు మీద కూర్చుని తన మోకాళ్ళు చూసుకుంటోంది.

"ఒక్కసారి అవునంటే చాలు. నేను వెళ్ళిపోతాను."

నూకరత్నం ఆగలేకపోయింది. "మా గట్టు మీద అలా కాదమ్మా, ఉప్పు ఎయ్యాలి" అంది. నాలుక మీద ఉప్పు వేసుకుని చెప్పకపోతే ఇక్కడ ఎవరూ నమ్మరు. గట్టు మీద ఉప్పు పుట్టదు. తీగబండి రాకముందు కావిళ్ళ మీద ఎక్కి వచ్చేది, ఆ దారిలో మనుషులు పోయేవారు. అందుకని ఉప్పు నాలుక మీద పెట్టుకుని ఎవరూ అబద్ధం ఆడరు. సువర్చల సరేనంది.

పోలయ్య ఉప్పుముంత తెచ్చి అత్త ముందు పెట్టాడు. "ఏస్కోయే అమ్మా. నీ మాటే కదా, బయ్యమేటి?"

అత్త ముంతను చేత్తో వెనక్కి తోసింది.

 ఉప్పు తోసేశారంటే ఇక్కడ అర్థం ఒకటే, మాట అబద్ధమని. సువర్చలకు నూకరత్నం చెవిలో చెప్పింది. సువర్చల ముఖం నిజంగానే చిన్నబోయింది. "ఇంత మంచి మాటలు" అంది పూస. "అన్నీ తీసెయ్యాలంటే నాకు..." ఆ తరువాత పూసకు మాట దొరకలేదు. "బాగాలేదు" అని ముగించింది.

అత్త తల ఎత్తలేదు. ఒక్క మాట చాలు. "నా కోడలు అల్లింది" అంటే చాలు, తన గుమ్మి తనకు మిగులుతుంది. అనదు. ఇరవై నాలుగేళ్ళు నన్ను అనని మాట లేదు. ఇది మాత్రం అనదు.

నేను వెళ్ళి ముంతలో చెయ్యి పెట్టాను. చిటికెడు కాదు, భయంలో గుప్పెడు వచ్చింది. నాలుక మీద వేసుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఉప్పుకే.

"ఆ మాట నాది" అన్నాను. "మా అత్తది కాదు. పెట్టె మీద నాకు కడుపు మండి, నానే కట్టినాను. మా యత్త పేరు సెప్పి లోపలికి తోసినాను. ఆవిడ నోట అబద్ధం లేదు. ఉన్న ఒక్క అబద్ధమూ నాదే."

నూకరత్నం "ఓలమ్మో" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. పోలయ్య ముంతను రెండు చేతులతో పట్టుకుని నన్నూ, వాళ్ళమ్మనూ మార్చి మార్చి చూశాడు.

"పెట్టె మీద కడుపు మండిందా?" అంది సువర్చల.

"దాన్ని నా తల్లీ అంది."

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. సువర్చల నవ్వలేదు. పూస మీద చెయ్యి వేసి, దాన్ని మూసి, సొంత గొంతుతో ఏదో అనబోయింది. ఆ గొంతు బొంగురుగా, వాడని తలుపులా కిర్రుమంది. "మా అక్క... నాకూ" అని, ఆగి, మళ్ళీ పూస మీద నుంచి చెయ్యి తీసింది. "పొగముద్ద నమోదు నుంచి తొలగిస్తాను. అబద్ధం ఆ నోటిది కాదు కాబట్టి దాలెమ్మ గారి మాటలు ఉంటాయి. అసిరితల్లి గారు ఇక పెట్టెకు మాటలు చెప్పకూడదు."

"నా దగ్గరేటీ లేవు తల్లీ" అన్నాను. నోరంతా ఉప్పుగా ఉంది.

మంచునెల, 25.

అయిన పనులు: వలలు పిండాను. ఇల్లు అలికాను. అత్త బట్టలు ఉతికాను. చోళ్ళు రెండు పూటలకు విసిరాను. దొడ్డి ఊడ్చాను.

ఇంకొకరి పేరున అబద్ధం ఆడినవాళ్ళకు గట్టు మీద నోటి బాకీ పడుతుంది. ఎవరి పేరు వాడుకున్నామో వాళ్ళు బదులు అడగాలి. అడిగి, అది తీరేదాకా ఉప్పు లేని అంబలి తాగాలి. అత్త ఇంకా అడగలేదు. అంబలి మట్టిలా ఉంది.

అత్త మళ్ళీ పెట్టె ముందు కూర్చుంది. "నా తల్లీ, ఎక్కడాగినాం?" అంది. దుప్పటి మళ్ళీ దాని మీదికి వెళ్ళింది. ఇంత జరిగాక కూడా నాకు మండింది. మండలేదని రాస్తే అదీ అబద్ధమే.

వంగి అత్త కాళ్ళకు ఆముదం రాస్తూ అడిగాను: "అత్తా, బదులు ఏటి కావాలో సెప్పండి. సలినెలంతా మీ వలల వాటా నానే పిండుతాను."

"అది నువ్వు ఎలాగూ పిండుతావు."

"మీ దుప్పటి కొత్తది నేత్తాను."

"అదీ నేత్తావు. నువ్వు సెయ్యని పని ఏటుందే, బదులడగడానికి?"

పెట్టె "మన్నించండి, ఇది పాత మాటా?" అని అడిగింది. "కాదు, నోరుముయ్యి" అంది అత్త దాన్ని. ఆ ఒక్క పూట అంబలి నాకు మరీ చప్పగా లేదు.

మంచునెల, 29.

అయిన పనులు: వలలు పిండాను, రెండు బిందెలు. ఎండపలక తుడిచాను. గుమ్మి సర్దాను. తీగబండి సామాను చూసుకున్నాను. ఈసారి నూనె సరిగ్గా వచ్చింది. కింద పొగముద్ద అనబోతే పూస కీచుమంటోందట. జనం పూసను వేలితో మూసి మరీ అంటున్నారట. పోలయ్య చెప్పాడు.

ఉదయం అత్త కర్ర పట్టుకుని వలల దగ్గరకు వచ్చింది. ఈ దారి ఎక్కి రెండేళ్ళయింది ఆవిడ. మంచులో నాకు ముందు కర్ర చప్పుడే వినబడింది.

"బదులు అడగడానికొచ్చినాను" అంది, ఆయాసం తీర్చుకుంటూ.

"ఇంట్లో అడగలేకపోయారా?"

"ఇంట్లో పెట్టె ఇంటాది." వల కర్రకు ఆనుకుని నిలబడింది. "నా పేరున ఒక మాట పెట్టినావు కదా. బదులుగా ఒక మాట ఇయ్యి. కట్టింది కాదు. మీ యమ్మ అన్నది. మీ గెడ్డ ఒడ్డుది. నాకు తెలీనిది."

"మా ఊరి మాటలా? మీరు కిందూరోల్ల మాటలంటారు కదా."

"అన్నాను. అడిగినానేటి ఏనాడైనా? ఇప్పుడు అడుగుతన్నాను. ఇరవై నాలుగేళ్ళు నా మాటలే తిన్నావు. నువ్వొచ్చినప్పుడు తెచ్చుకున్నయ్యి ఏటి సేసినావు?"

ఏం చేశానో తెలియదు. వల విదిలిస్తూ వెతుక్కున్నాను. ఒకటి చెప్పాను. "అది మాకూ ఉంది" అంది అత్త. ఇంకొకటి చెప్పాను. "పక్క గట్టోల్లు అంటారు. తెలుసు." మూడోది సగం గుర్తొచ్చింది, సగం రాలేదు. అత్త కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడే ఉంది. విసుక్కోలేదు. పెట్టె దగ్గర నేర్చుకుందేమో ఆ ఓపిక.

వల కింది అంచు పిండుతున్నప్పుడు వచ్చింది. చలికాలం మా అమ్మ గెడ్డ నుంచి తడి చేతులతో వచ్చి, నిద్రపోతున్న మా బుగ్గలకు ఆ చేతులు ఆనించేది. మేము అరిచేవాళ్ళం. ఆ చెయ్యికి మా అమ్మ దగ్గర ఒక పేరు ఉండేది. గెడ్డ ఒడ్డున తప్ప ఎక్కడా వినలేదు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారీ నా నోట రాలేదు.

చెప్పాను. పైకి కాదు, అత్త చెవి దగ్గర.

ఆవిడ పెదవులు కదిపి చూసుకుంది. తప్పు పలికింది. దిద్దాను. మళ్ళీ పలికింది. అప్పుడు నా తడి చెయ్యి తీసుకుని తన బుగ్గకు ఆనించుకుంది, ఆ మాట నిజమో కాదో చూడటానికన్నట్టు. "అబ్బ" అని వదిలేసింది.

"ఇలాంటియి మా గట్టు మీద లేవు" అంది. "మీ కిందూరోల్లకి ఉన్నాయేటి ఇలాంటియి?" మంచులోకి, మా ఊరివైపు చూస్తోంది. ఏమీ అనకుండా ఏదో మింగింది. ఆ మింగుడు నాకు తెలుసు. నేనే పేరు పెట్టాను దానికి.

దిగే దారిలో నా భుజం పట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, లోపలికి చూసి, గొంతు తగ్గించి అంది: "దానికి సెప్పకు."

"సెప్పను."

"ఇంకోటి గుర్తొత్తే నాకే సెప్పు."

మధ్యాహ్నం అంబలిలో ఉప్పు వేసుకున్నాను. సాయంత్రం అత్త పెట్టె ముందు కూర్చుని "నా తల్లీ" అంటూ ఏదో మొదలుపెట్టింది. నేను పక్కనే విసురుకున్నాను.

నోటి బాకీ, దాలెమ్మ అత్తకు: ఒక మాట. అది ఇక్కడ రాయను. ఇచ్చాను, ఆవిడ తీసుకుంది. బాకీ తీరింది.